మూట కట్టడం నామోషీయా?

కొత్తపేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం యీ వారం ముందుగా తీసుకుంటున్నాను. వారి అత్తగారు నల్లగొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చినప్పుడల్లా పాత చీర గుడ్డలో కందిపప్పు, చింతపండు, సకినాలు మూటగట్టి తెస్తారట. ఎల్.బి. నగర్‌లో బస్సు దిగిన నాయనమ్మను తీసుకురావడానికి వెళ్ళిన కాలేజీ కుర్రాడు, ఆ మూటతో మెట్రో రైలెక్కడానికి సిగ్గుపడి ఆటో పిలిచాడట. నెల తిరక్కుండా వాడి పుట్టినరోజుకు ఒక స్నేహితుడు పుస్తకాన్ని జపాను పద్ధతిలో పూలగుడ్డలో చుట్టి ముడివేసి యిస్తే, ముడి విప్పడానికి మనసొప్పక నాలుగు ఫోటోలు తీసుకున్నాడట! "అది కళా, యిది మోటూనా? ఆటో యెందుకు పిలిచాడో ఆవిడ గ్రహించారు. ఆనాటి నుంచీ మూట తేవడం మానేశారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ఆ జపాను గుడ్డ పేరు ఫురోషికి. చదరంగా వుండే వట్టి గుడ్డ, అంతే. 'ఫురో' అంటే స్నానం, 'షికి' అంటే పరచేది. 1603 నుంచి 1868 దాకా సాగిన ఎదో కాలంలో పట్నవాసులంతా వూరి స్నానశాలలకు వెళ్ళేవారు. విడిచిన బట్టలు ఒకరివి ఒకరివాటితో కలిసిపోకుండా యీ గుడ్డలో చుట్టుకునేవారు. పేరు అలా వచ్చిందంటారు. గుడ్డ మాత్రం పేరుకంటె చాలా పాతది. నారా పట్టణంలోని షోసోయిన్ భాండాగారంలో ఎనిమిదో శతాబ్ది నాటి చుట్టుగుడ్డలు నేటికీ వున్నాయి.

వింతేమిటంటే, ఆ దేశంలోనూ మూటకు చిన్నతనం తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాగితపు సంచులు, ప్లాస్టిక్ సంచులు వచ్చిపడి ఫురోషికిని వెనక్కు నెట్టాయి. ఆకుపచ్చ మీద తెల్లని తీగెల ఫురోషికి ఒకప్పుడు యింటింటా వుండేది. అంచేత బొమ్మల కథల్లో దొంగను గీయాలంటే వాడి వీపున ఆ మూటే! 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కోయికే, వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల పోగుతో నేసిన ఫురోషికిని ప్రజల ముందు పెట్టి, సంచులు మాని దీన్ని వాడండని ప్రచారం చేశారు. 2020 జూలై 1 నుంచి అక్కడి దుకాణాలవాళ్ళు ప్లాస్టిక్ సంచికి డబ్బు పుచ్చుకోవడం తప్పనిసరి అయింది. మన దేశంలో 2022 ఆఖరు నుంచి 120 మైక్రాన్లకంటె పలుచని సంచులు నిషేధమే. దిల్‌సుఖ్‌నగర్ కూరలబండి దగ్గర మాత్రం అడక్కుండానే చేతికొస్తాయి.

మరి మన సంగతి? కుచేలుడు శ్రీకృష్ణుని దగ్గరకు తీసుకువెళ్ళింది పాత గుడ్డ కొంగున ముడివేసిన అటుకులే కదా! తెలంగాణలో ఆడపిల్లకు పుట్టింటివారు పోసే ఒడిబియ్యం చూడండి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, వక్కలు ఒడిలో పోస్తారు. ఆ పిల్ల వాటిని మూటగా అత్తవారింటికి తెచ్చుకుని, వండి, యిరుగుపొరుగును పిలిచి పెడుతుంది. ఆ మూట పట్టుకుని వచ్చే పిల్లకు నామోషీ లేదు సరికదా, గర్వం! అదే మూట బస్సు దిగగానే యెందుకు చిన్నబోవాలి? మూటాముల్లె అంటే యిల్లు వదిలి బతకబోయేవాళ్ళ సామాను అని మనకు మనసులో పడిపోయింది. ఎల్.బి. నగర్ చౌరస్తాలో చక్రాల పెట్టె దొర్లించేవారిని ఒక చూపూ, మూట ఎత్తుకున్నవారిని ఒక చూపూ చూస్తాం. కుర్రాడు ఆ చూపు మన దగ్గరే నేర్చుకున్నాడు.

ఇక పనికొచ్చే మాట. ఫురోషికి కొనడానికి డబ్బు తగలెయ్యనక్కర్లేదు. పేరంటాల్లో, వ్రతాల్లో యిచ్చిన జాకెట్టు గుడ్డలు (ఒడిబియ్యంలో పెట్టే కణుములూ యివే) మీ బీరువాలో ఎన్ని వున్నాయో లెక్కపెట్టండి. కుట్టించుకోం, పారెయ్యం. మనకు వచ్చినవి మరొకరికి పెడతాం. అవి యిల్లిల్లూ తిరిగి మనకే వచ్చినా ఆశ్చర్యం లేదు! ఎనభై, తొంభై సెంటీమీటర్ల ఆ ముక్క యించుమించు ఫురోషికి కొలతే. నూలుదైతే ముడి నిలుస్తుంది. జారుడు శాటిన్ వద్దు. మాచింగ్ సెంటర్లో యిస్తే అంచులు పీకో చేసిపెడతారు.

గుడ్డ మూల మీవైపు వుండేట్టు పరచి, డబ్బా నడుమ పెట్టండి. దగ్గరి మూల, ఎదుటి మూల డబ్బా మీదికి మడిచి, మిగిలిన రెండు కొసలూ కట్టాలి. రహస్యమంతా ముడిలో వుంది. కుడి కొసను ఎడమదాని మీదుగా తిప్పి మొదటి ముడి వెయ్యండి. యిప్పుడు ఎడమవైపుకు వచ్చిన ఆ కొసనే మళ్ళీ రెండోదాని మీదుగా తిప్పి బిగించండి. కొసలు గుడ్డ వాలున బారుగా పడుకుంటే ముడి కుదిరినట్టు. అడ్డంగా నిలబడితే జారిపోతుంది సుమా! విప్పేటప్పుడు ఒక కొసను వెనక్కు, రెండోవైపుకు గట్టిగా లాగితే అది తిన్నగా సాగుతుంది. దాని మీంచి ముడి దూసుకుని వచ్చేస్తుంది. గోళ్ళు అరగదీసుకోనక్కర్లేదు.

కర్బూజా పండుకైతే గుడ్డను చదరంగా పరచి, పక్కపక్క మూలలు రెండేసి కలిపి కొసన ముడులు వెయ్యండి. రెండు ఉచ్చులు వస్తాయి. ఒకదానిలోంచి రెండోదాన్ని దూర్చి లాగితే అదే చేతిపిడి.

కొత్తపేట సోదరీ, కుర్రాణ్ణి మందలించకండి. మందలిస్తే నాయనమ్మ మీదే విసుక్కుంటాడు. సెలవులకు వాణ్ణే వూరికి పంపి, తిరుగు ప్రయాణంలో ఆవిడ చేత పప్పు కట్టించమనండి. పల్లెటూరి ముడి ఎంత బిగువో వాడి చేతికే తెలుస్తుంది. మీరూ అత్తగారికి ఫోను చేసి, సకినాలు లేక యిల్లు చిన్నబోయిందని చెప్పండి. ఆవకాయ కూడా కడితే మాత్రం జాడీ మూతికి వేరే గుడ్డ బిగించమనండి. మంచి జాకెట్టు గుడ్డకు ఆ నూనె పట్టిందంటే ఎన్ని ఉతుకులకూ పోదు.