నా నొప్పిని ఎవరి మాటల్లో రాసుకుంటారు?

కుర్చీలో 45 నిమిషాలు కూర్చోగలరా? పరుపు మీద దుప్పటి మార్చగలరా? ఒక అంతస్తు మెట్లు ఎక్కగలరా?

మూడేళ్ళ క్రితం క్లినికల్ ట్రయల్ కోసం ఒక నగరంలోని ఆసుపత్రికి వెళ్తే ఒకమ్మాయి నన్ను ఈ ప్రశ్నలు అడిగింది. ఒక్కోదానికి సున్నా నుంచి పది వరకూ అంకె చెప్పాలి. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో మా ఇంటికి మెట్లు లేవు. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని, రోజంతా నిలబడే ఉంటాను. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే భుజం దగ్గర మొదలై మోచేతి దాకా సలుపుతుంది. ఆ సంగతి రాసుకోవడానికి ఆ కాగితంలో చోటు లేదు. ఏవో అంకెలు చెప్పి వచ్చేశాను.

నాది ఫైబ్రోమయాల్జియా. ఒళ్ళంతా నొప్పి, ఎంత పడుకున్నా తీరని అలసట, మాట నోటి దాకా వచ్చి జారిపోయే మతిమరుపు. రక్తపరీక్షలో దొరకదు, ఎక్స్‌రేలో కనపడదు. కండరాలు బాగానే ఉంటాయి, నొప్పిని మోసే నరాలూ మెదడూ చిన్న తాకిడిని కూడా పెద్ద దెబ్బగా లెక్కగడతాయని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. కాబట్టి ఈ జబ్బుకి ఇచ్చిన మందు పనిచేసిందో లేదో తేల్చేది రోగి చెప్పే మాటే. ఆ మాట సరిగ్గా అడగకపోతే, సరిగ్గా రాసుకోకపోతే, మందుని పరీక్షించే ట్రయల్ ఎంత పెద్దదైనా దాని ఫలితం మాకు అక్కరకు రాదు.

ఆ ప్రశ్నల పుట్టుక తర్వాత తెలుసుకున్నాను. 1991లో అమెరికాలోని ఆరిగాన్‌లో తయారయ్యాయి. మొదటి కాగితంలో కారు నడపడం, తివాచీని వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయడం, యంత్రంలో బట్టలు ఉతికి ఆరబెట్టడం కూడా ఉన్నాయి. 2009లో సవరించారు. తయారుచేసినవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళ ఎదుట కూర్చున్న ఆడవాళ్ళు రోజూ చేసే పనులు అవి. మా పనులు ఆ కాగితంలోకి ఎక్కాలంటే ఆ కుర్చీలో మేము కూర్చోవాలి. క్లినికల్ ట్రయల్స్‌లో మా పడమటి మండలాల ఆడవాళ్ళు చేరాలని నేను గట్టిగా అంటున్నది ఇందుకే.

నా పుట్టిల్లు ఉదయగిరి. అక్కడ మా వీధిలో ఒకామె కొయ్య గరిటెలకు నునుపు పెడుతుంది. మణికట్టు తిప్పితే చాలు, మెడ దాకా జివ్వుమంటుందట. మరొకామె పొగాకు సీజన్లో పొద్దస్తమానం నేల మీద కూర్చుని ఆకు అల్లుతుంది, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. మా పెద్దమ్మని ఒకసారి నొప్పి ఎక్కడ అని అడిగాను. "యాడని చెప్పేది మే, నొప్పి లేంది యాడో అడుగు, చెప్తా" అంది. వైద్యపుస్తకాలు ఈ జబ్బు గురించి పేజీలకు పేజీలు రాసినదాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. సలుపు, పోటు, పీకుడు, తిమ్మిరి, మంట ఒకటి కాదని తెలిసినవాళ్ళకి ఇన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పమంటే ఏం చెబుతారు?

మాకు ఇంకొక చిక్కు ఉంది. భారతదేశంలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ మొదట బయటపడింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మా నెల్లూరు జిల్లాలోనే. అప్పటినుంచీ ఉదయగిరి వైపు ఒళ్ళు నొప్పి అంటే నీళ్ళ మీదకే పోతుంది మాట. నా విషయంలోనూ నాలుగేళ్ళు అదే జరిగింది. ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు బిగుసుకున్న మనిషికి ఫైబ్రోమయాల్జియా రాకూడదని ఎక్కడా లేదు, రెండూ ఒకే ఒంట్లో ఉండొచ్చు. వేరే చోట జరిగే ట్రయల్స్‌లో సాధారణంగా ఇలా ఇంకో జబ్బు ఉన్నవాళ్ళని పక్కన పెడతారు. అలా పక్కన పెట్టిన మనుషులే మా ఊళ్ళలో ఉన్నారు. మా సంగతి తేలాలంటే ఇక్కడే చూడాలి.

నేను ట్రయల్‌లో చేరతానన్నప్పుడు మా ఆయన "నువ్వేమన్నా ఎలకవా?" అన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టింది. పిడుగురాళ్ళ నుంచి పేద మహిళలను హైదరాబాదు తీసుకెళ్ళి మందు పరీక్షలు చేశారని 2011లో పేపర్లన్నీ రాశాయి. ఇవన్నీ చదివినవాళ్ళం, ఊరికే నమ్మమంటే ఎట్లా నమ్ముతాం?

అయితే 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. మనకు అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకోవాలి. చదువురానివాళ్ళ పక్కన ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నంత మాత్రాన మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఇవి మా ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? నాకు ఇచ్చిన తెలుగు కాగితంలో 'యాదృచ్ఛికీకరణ' అనే మాట ఉంది. పాతికేళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని, రెండుసార్లు చదవాల్సి వచ్చింది. కొందరికి మందు, కొందరికి మందులేని ఉత్తి మాత్ర, ఎవరికేది అన్నది చీటీలు తీసినట్టు తేలుతుంది అని రాస్తే సరిపోయేది.

ఉత్తి మాత్ర అనగానే మోసం అనుకుంటారు. ఈ నొప్పి తనంతట తను పెరుగుతుంది, తగ్గుతుంది. ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యానికి కూడా కొంత తగ్గుతుంది. పక్కన ఉత్తి మాత్ర లేకపోతే మందు బలం ఎంతో తెలియదు. ప్రెగాబలిన్‌కి 2007లో అమెరికాలో ఈ జబ్బుకి అనుమతి వచ్చింది. ఉత్తి మాత్రతో పోల్చి చూస్తే, దానివల్ల నొప్పి సగానికి తగ్గినవాళ్ళు పదిమందిలో సుమారు ఒక్కరే ఎక్కువ. ఇంకా మందు కావలసినవాళ్ళం చాలామందిమి మిగిలే ఉన్నాం.

నేను ట్రయల్‌కి రెండుసార్లు వెళ్ళి మానేశాను. మందు పడక కాదు, ప్రయాణం పడక. రాత్రంతా బస్సులో కూర్చుని పోతే, తెల్లారి నేను చెప్పే అంకె జబ్బుదా, బస్సుదా? ఉదయగిరి నుంచి నెల్లూరుకే దాదాపు వంద కిలోమీటర్లు.

నెల్లూరులో ఒక ప్రభుత్వ వైద్య కళాశాల, ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఉన్నాయి. ట్రయల్ వాళ్ళే పెట్టొచ్చు, మొదలు మందుతోనే పెట్టనక్కరలేదు. 2010లో ఆరిగాన్‌లోనే 53 మంది ఆడవాళ్ళతో 8 వారాల యోగా ట్రయల్ నడిపితే నొప్పి, అలసట తగ్గాయి. అదే పని మా పీహెచ్‌సీలో, నేల మీద చాప పరిచి చేయొచ్చు. దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వడానికి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి, కాబట్టి ఏ రోజుకి ఆ రోజు చేతికివ్వండి. ప్రశ్నలు రాసేముందు బిందె మోసేవాళ్ళని, ఆకు అల్లేవాళ్ళని, గరిటెలు చేసేవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. నా పేరు మొదట రాసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం పెట్టకండి. పొగాకు బ్యారన్లు కాలే రోజులు, ఎవరికీ తీరదు.