పులులు దూకొచ్చు, పోడు మాయమవొద్దు

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలో కొమురం భీం అడవి మృగాలతో సహా బ్రిటిష్ గవర్నర్ బంగళాలోకి దూకుతాడు. అది జరిగే పనేనా అని ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా. ఎత్తుకుపోయిన గోండు పిల్ల కోసం వచ్చాడన్న కారణం గట్టిది గనుక హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. నా పేచీ ఆ కారణంతోనే. చరిత్రలోని ఆదిలాబాద్ భీం తలపడింది నిజాం సర్కారుతో, పోడు భూమి కోసం, పశువుల మేత పన్ను మీద. కల్పితమని ముందే చెప్పారుగా అంటారు. సరే, మరి ఆ పేరెందుకు? దానికున్న బరువు కోసమే కదా! కోతకొచ్చిన చేలో జంగ్లాత్ (అటవీ శాఖ) జవాను అడుగుపెడితే పుట్టే ఉత్కంఠ పులి దూకుడుకేం తీసిపోదు. 1940లో జోడేఘాట్‌లో భీం తూటాలకు నేలకొరిగింది ఆ భూమి కోసమే.