వీ యూని చంపింది పేరేనా?

నింటెండో గేమ్ కన్సోల్ వీ యూ ఎందుకు దెబ్బతిందని గేమింగ్ తెలిసినవాళ్ళని అడగండి, చాలామంది ఠక్కున పేరు మీదికి తోసేస్తారు. అంతకుముందున్న కన్సోల్ 'వీ' పేరుకే చివర 'యూ' తగిలించడంతో అది కొత్త కన్సోలో, పాతదానికి అమ్మే టాబ్లెట్టో జనానికి తెలియలేదట. ఆ గందరగోళం ఉన్నమాట నిజమే, అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాతా కూడా ఒప్పుకున్నారు. అయినా అదే ప్రాణం తీసిందంటే లెక్క కుదరదు.

2012 నవంబర్‌లో విడుదలైన వీ యూ డిసెంబర్ ఆఖరుకల్లా ముప్ఫై లక్షలు దాటింది. తర్వాతి మూడు నెలల్లో నాలుగు లక్షలు కూడా లేవు. 2013 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రపంచమంతా కలిపి 1.6 లక్షలు! క్రిస్మస్‌కి అర్థమైన పేరు వేసవికల్లా అర్థం కాకుండా పోయిందా? మొదట కొన్నది వీరాభిమానులు, వాళ్ళకి పేరుతో పనేముంది అంటారు. సరే. 2014 మే ఆఖర్న మారియో కార్ట్ 8 ఆట వచ్చింది. ఆ ఏప్రిల్-జూన్‌లో 5.1 లక్షలు అమ్ముడుపోయాయి. పేరు అదే, పెట్టె అదే.

2013 మొదట్లో కొన్నవాడికి ఆడుకోవడానికి ఏముందో చూడండి. విడుదల రోజుల్లోనే రావాల్సిన పిక్మిన్ 3 జూలైకి గాని రాలేదు. వీ యూకి మాత్రమే అని ఊరించిన రేమన్ లెజెండ్స్‌ని, ఫిబ్రవరిలో తేదీ ఇంకా వారాల్లో ఉందనగా, యూబీసాఫ్ట్ సెప్టెంబర్‌కి తోసేసింది. ఆట పూర్తికాక కాదు, మిగతా కన్సోళ్ళ మీద కూడా ఒకేసారి అమ్ముకుందామని. మార్చిలో ఒక లెగో సిటీ ఉందనుకోండి, దాంతో ఎన్నాళ్ళు గడుస్తుంది? జనవరిలోనే ఇవాతా వీడియోలో కనిపించి, కొత్త ఆటలు లేనందుకు క్షమాపణ చెప్పారు. హెచ్‌డీ ఆటలకి ఎంతమంది కావాలో నింటెండో తక్కువ అంచనా వేసింది. అంతకుముందు వీలో హెచ్‌డీయే లేదు మరి. హాలు కట్టి, మొదటి వారం హౌస్‌ఫుల్ బోర్డు పెట్టి, ఆ తర్వాత బొమ్మే వెయ్యకపోతే బయటి బోర్డు మీద పేరు ఏదైతేనేం?

అదే మారియో కార్ట్ 8 నింటెండో తర్వాతి కన్సోల్ స్విచ్‌లో ఆరు కోట్లకు పైగా అమ్ముడైంది కదా, తేడా పేరే కదా అని వాదిస్తారు. వీ యూలో ఆ ఆట ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది. స్విచ్‌లో రెండో నెలలోనే వచ్చింది. దాని ముందు మార్చిలో జెల్డా, వెనకాల జూలైలో స్ప్లాటూన్ 2, అక్టోబర్‌లో మారియో ఒడిస్సీ. కొన్నవాడికి ఖాళీ దొరకనివ్వలేదు.

తప్పంతా పేరుదే అంటే కంపెనీకి హాయి. ఆటలు ఎందుకు తెమల్లేదని ఎవరూ నిలదీయరు, కొననివాడే తెలివితక్కువవాడవుతాడు. కానీ కొన్నవాడి సంగతో? వీ యూ కోసమే మొదలుపెట్టి 2015లో ఇస్తామన్న జెల్డా, స్విచ్ విడుదలైన రోజే, 2017 మార్చి 3న, అతని చేతికొచ్చింది. అప్పటికి జపాన్‌లో వీ యూ తయారీ ఆపేశారు.