పేరు ముందు పెళ్లి ఎందుకు?

పోయిన నెల స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే అమ్మ పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. నాయన పోయి నాలుగేళ్లయింది. 'మిసెస్' అని పెడితే భర్త సంతకం ఏదని ఆఫీసులో అడుగుతారు. అమ్మేమో "ఏదో ఒకటి రాయవే" అంది. నేను 'మిజ్' దగ్గర టిక్కు పెట్టాను.

ఎమ్, ఎస్ రెండక్షరాలే రాస్తారు, 'మిజ్' అని పలుకుతారు. పెళ్లి సంగతి చెప్పని మాట అది. మిస్, మిసెస్ రెండూ 'మిస్ట్రెస్' నుంచి పుట్టినవే. 'మిస్టర్' మాత్రం పెళ్లికి ముందూ తర్వాతా మారదు. 1901లోనే అమెరికాలో ఒక పత్రిక 'మిజ్' వాడమని సూచించింది. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఒప్పుకున్నది 1986లో!

మన సంగతి చూడండి. బయట తమిళంలో సెల్వి, తిరుమతి. ఇంట్లో తెలుగులో కుమారి, శ్రీమతి. మగవాళ్లకు తిరు, శ్రీ, అంతే. పాత ఉత్తరాల్లో భర్త పోయిన ఆడవాళ్ల పేరు ముందు 'గం.భా.' అని రాసేవాళ్లట, అవ్వ చెప్పింది. వింటుంటే అమ్మ ముఖం చూడలేకపోయాను.

దీనికి కొత్త మాట పుట్టించనక్కర్లేదు. మనకు 'గారు' ఉంది. ఆడా మగా చూడదు, పెళ్లయిందా అని అడగదు, మర్యాద మాత్రం తగ్గదు.

అందుకే ఒక మనవి. మన శాఖ నోటీసుల్లో, ఆహ్వానాల్లో పేరు ముందు శ్రీమతి, కుమారి మానేసి, వెనక 'గారు' పెడదాం. శ్రీమతి అని ఇష్టంగా రాసుకునేవాళ్లను నేను వద్దనను. వాళ్లనడగకుండా మనం తగిలించడమే వద్దంటున్నాను.

– బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని