వేసవి నాటకాభ్యాసము

పలనాటి వేసవి యెట్టిదో తెలియని సోదరీమణులు సైతము రెంటచింతల యెండను గూర్చి వినియే యుందురు. పగలు గడప దాటరాదు. కావుననే అచ్చటి పల్లెలలో నాటకాభ్యాసము రాత్రి భోజనములైన పిమ్మట మొదలగుచుండెడిది. మిరపకాయలు కల్లము దాటిన వెనుక పొలమున పని తక్కువ. హార్మోనిస్టుగారు వచ్చి మకాము వేయుదురు. రామాలయపు అరుగుమీద పెట్రోమాక్సు దీపము వెలిగించి, ఎవరి పోర్షను వారికి పంచి, అక్షరములు రానివానికి చెవిమార్గముననే పద్యము పట్టించెడివారు. ఒక్క రాగము కుదురుటకే మూడు రాత్రులు!

ఈ వేడుకకు వండిపెట్టిన దెవరని యెవ్వరు నడుగరు. హార్మోనిస్టుగారికి ఇంటింట వంతుల భోజనము. ద్రౌపదికి పట్టుచీర మన పెట్టెలోనిదే. తలుపుచాటున వినుచు, నటునికంటె ముందుగ పద్యమును కంఠస్థము చేసినవారును మనవారే.

1898వ సంవత్సరపు వేసవిలో రష్యాదేశమున స్తానిస్లావ్‌స్కీ తన నటీనటులను మాస్కో చెంత పుష్కినోలో నొక కొట్టమున చేర్చి అభ్యాసము చేయించెను. ఊడ్చుట, తుడుచుట, తేనీరు కాచుట నటుల వంతు. తొలివంతు తనదే. నీరు పోయక సమొవారులో నిప్పులు వేయగా అది కరగిపోయెనని ఆయనయే తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. నవ్వు వచ్చినను ఆ వంతుల పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. మన పల్లెలలో నెవరైన నవలంబింతురా?

నాటకముల పిచ్చి పట్టిన కుమారుడు చెడిపోవునని తల్లుల భయము. అది వట్టిదని మేమనము. తెరలకును దుస్తులకును అప్పుచేసి పొలము తాకట్టు పెట్టినవారు లేకపోలేదు. కాని 1922లో దాచేపల్లియందు జన్మించిన ధూళిపాళ సీతారామశాస్త్రిగారు ప్లీడరు గుమాస్తాగ నుండియు రంగస్థలమును విడువలేదు. 1966లో 'శ్రీకృష్ణపాండవీయము' చిత్రమున ఆయన ధరించిన శకుని వేషమును నేటికిని జనులు తలచుకొందురు. జీవనోపాధిని విడువక కళను సాగించుట సాధ్యమే.

మా మనసున నున్నది వేరొక మాట. నాయకురాలు నాగమ్మ మంత్రిత్వము నెరపిన సీమ యిది. ఆమెపై 'నాయకురాలు' నాటకము వ్రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు, భార్య లక్ష్మీబాయమ్మగారితో గూడి గుంటూరున బాలికలకు శారదానికేతనము స్థాపించినవారే. 1947 నాటి 'పల్నాటి యుద్ధము' చిత్రమున కన్నాంబగారు నాగమ్మయై నిలిచిరి. పల్లెల అరుగులమీద మాత్రము స్త్రీపాత్రలకు మీసము గొరిగించుకొన్న పురుషులే చిరకాలము దిక్కయిరి. స్థానము నరసింహారావుగారివంటి వారు కోటికొక్కరు. తక్కినవారి నడక చూచి నవ్వాపుకొనుట కష్టమే!

ఈ వేసవిలో మీ యూర నభ్యాసము జరిగినచో, పోర్షను నొకమారు మీ కుమార్తెచే చదివింపుడు. అరుగుమీదికి ఆమెను రానిత్తురా లేదా యన్నది ఊరిపెద్దలనే అడుగుడు. తోడుగ మీరును వెళ్లి కూర్చుండుడు. ఆనాటి వంట మరొకరి వంతు.