వీసా కంటే ముందు హునర్ కాగితం



పోయిన ఆదివారం మా భాంజా నన్ను బండి మీద గండికోటకు తీసుకుపోయినాడు. ఊరికే తిప్పడానికి కాదని దారిలోనే అర్థమైంది. కోటలో జామియా మస్జిద్ నీడన కూర్చున్నాక అసలు సంగతి చెప్పినాడు. "మామూ, కువైట్ వీసా వచ్చింది. దువా చెయ్యండి."

నేను అడిగింది ఒకటే. "పద్దెనిమిదా, ఇరవయ్యా?"

"అంటే ఏంది మామూ?"

వీసాకు డబ్బు మాట్లాడుకున్నారు, పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చినారు, అది ఏ వీసానో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. కువైట్‌లో 18వ నంబరు అంటే కంపెనీ పని. 20వ నంబరు అంటే ఇంటి పని. 20 మీద పోయినవాడు ఆ ఇంట్లో, ఆ కఫీల్ దగ్గరే చెయ్యాలి. మామూలు కార్మికుల చట్టం వాడికి వర్తించదు, ఇంటి పనివాళ్ళకు వేరే చట్టం ఉంది. ఇల్లు వదిలి బయట పనిచేస్తూ దొరికితే పట్టుకుని వెనక్కి పంపించేస్తారు. అట్లా బయటపడి దాక్కుంటూ బతికేవాళ్ళనే మన పక్క ఖల్లివల్లి అంటారు.

మా వాడు ఎలక్ట్రీషియన్. ఏడేళ్ళుగా జమ్మలమడుగు చుట్టుపక్కల ఇళ్ళకు వైరింగ్ చేస్తున్నాడు. చేతిలో హునర్ ఉంది, దాన్ని చూపించే కాగితం ఒక్కటీ లేదు. టెన్త్ తప్పి చదువు ఆపేసినాడు. అందుకే ఏజెంట్ 20 ఇప్పించి, "అక్కడికి పోయినాక బయట కరెంటు పని చూసుకో" అన్నాడంట. అంటే ఖల్లివల్లి కమ్మని ముందే చెప్పి, దానికి లక్షన్నర అడుగుతున్నాడు. ఆ డబ్బు ఎక్కడిదో తెలుసా? గండికోట రిజర్వాయర్ నీళ్ళు 2020లో తాళ్లప్రొద్దుటూరును ముంచినప్పుడు వాళ్ళకొచ్చిన పరిహారంలో మిగిలింది. ఒక ఇల్లు పోతే వచ్చిన పైసలు అవి.

ఇట్లాంటి మాట ఎత్తితే మన ఇళ్ళలో జవాబు సిద్ధంగా ఉంటుంది. "రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్. నసీబ్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు." నేనూ అదే నమ్ముతాను. కానీ తవక్కుల్ అంటే తదబీర్ మానేయడం కాదు. ఆ మస్జిద్ దగ్గరే పెద్ద ధాన్యాగారం ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం గుర్తొస్తారు. పరాయి దేశమైన మిస్ర్‌లో జైలు నుంచి బయటికొచ్చి, ఖజానా బాధ్యత నాకు ఇవ్వండని రాజును అడిగినారు. అడిగేటప్పుడు తన అర్హత చెప్పినారు: కాపాడగలను, ఆ పని ఇల్మ్ నాకుంది అని. నబీ అంతటి వారే నాకు ఏం వచ్చో వినండని చెప్పినప్పుడు, మనం ఒట్టి చేతులతో పోయి ఏ పనైనా పర్వాలేదు అనడం తవక్కుల్ ఎట్లా అవుతుంది?

ఈ కోటనేలిన మీర్ జుమ్లా కూడా వలస వచ్చినవాడే. ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో నూనె వర్తకుడి కొడుకు. చదువూ లెక్కా నేర్చి, వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరి, ఆ పనితోనే గోల్కొండకు వచ్చినాడని చరిత్రకారులు రాస్తారు. తర్వాత గోల్కొండ వజీర్ అయినాడు, 1650 ప్రాంతంలో ఈ కోట పట్టినాడు. 1652లో ఫ్రాన్స్ నగల వ్యాపారి తావెర్నియే తన సరుకు చూపించడానికి ఇక్కడికే వచ్చినాడు. కోట పట్టిన తీరు గురించి ఈ పక్క జనం చెప్పుకునే కథలు మంచివి కావు, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. నేను చెప్పేది ఒకటే. దిగిన రోజుకే అతనికి ఒక పని వచ్చు, ఆ పని అవసరం ఇక్కడ ఉంది.

ఈ కాలంలో పని వస్తే చాలదు, రుజువు కావాలి. ఆ రుజువు కూడా అవతలి దేశం ఒప్పుకునేదై ఉండాలి. పెద్ద చదువులవాళ్ళకూ ఇదే దెబ్బ తగిలింది. 2018లో కువైట్ ఇంజనీర్ల అకామా రెన్యువల్‌కు అక్కడి ఇంజనీర్ల సొసైటీ ఒప్పుకోలు అడిగింది. మన దేశంలో ఎన్‌బీఏ గుర్తింపు లేని కాలేజీలో చదివినవాళ్ళు, అప్పటికే ఏళ్ళ తరబడి అక్కడ పనిచేస్తున్నవాళ్ళు సైతం, ఇరుక్కున్నారు. సౌదీ అయితే ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ మెకానిక్ లాంటి పనులకు ఇండియాలోనే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి తెచ్చింది.

అందుకే మా వాడికి నాలుగు పనులు చెప్పినాను.

మొదటిది పేరు. మన పిల్లలకు ఇదే పెద్ద ముసీబత్. టీసీలో షేక్ మహబూబ్ బాషా, ఆధార్‌లో ఎస్. మాబాషా, పాస్‌పోర్టులో మహబూబ్ పాషా షేక్. ముగ్గురూ ఒకడే అని మనకు తెలుసు, ఎంబసీ గుమాస్తాకు తెలియదు. ముందు అన్నిట్లో ఒకటే పేరు, ఒకటే పుట్టిన తేదీ చేయించాలి.

రెండోది టెన్త్. ఓపెన్ స్కూల్‌లో కట్టి పాస్ కావచ్చు. టెన్త్ లేని పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది. దానిమీద గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి.

మూడోది హునర్ కాగితం. ఐటీఐ చదవకపోయినా, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. కువైట్‌కు చూపే సర్టిఫికెట్ల మీద మన విదేశాంగ శాఖ, ఆపైన కువైట్ ఎంబసీ ముద్రలు పడాలి. ఇక్కడ ఉండగా చేయించుకుంటే సులువు. అక్కడికి పోయినాక ఇంట్లోవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

నాలుగోది జబాన్. మన పిల్లలు మక్తబ్‌లో నాజిరా చదువుతారు. అరబీ హర్ఫ్‌లు చదవగలరు, మాట్లాడలేరు. వేరేవాళ్ళకు లేని సగం సాయం మనకు అప్పటికే ఉంది. మూడు నెలలు కూర్చుంటే పని మాటలు, జీతం మాటలు వస్తాయి.

"ఇదంతా ఏడాది పడుతుంది మామూ. ఇంట్లో ఎట్లా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఏడాది ఖాళీగా కూర్చోమనడం లేదు, వైరింగ్ పని చేసుకుంటూనే. ఖర్చు కూడా లెక్క చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంట్ తీసుకోవాల్సిన ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించకూడదు. ఎవరికి లైసెన్సు ఉందో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఈసీఆర్ మీద పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. లక్షన్నర అడిగే మనిషి ఈ 275 మాట ఎత్తనే లేదు.

కాగితాలన్నీ ఉంటే కష్టం రాదని నేను అనను. 18 మీద పోయినవాళ్ళకూ జాలిమ్ యజమానులు తగులుతారు. కానీ కాగితం ఉన్నవాడు ఫిర్యాదు చెయ్యగలడు, వేరే కంపెనీ వెతుక్కోగలడు. లేనివాడు దాక్కోవాలి.

నిన్న రాత్రి ఆపా ఫోన్ చేసింది. "వాణ్ణి ఎందుకు భయపెట్టినావు? శుక్రవారం లోపల పైసలు కట్టాలంట." నేను అన్నాను: "ఆపా, ఆ మనిషిని ఒకటే అడుగు. నా కొడుకు ఏ పని మీద పోతున్నాడో కాగితం మీద రాసి ఇయ్యమను. రాసి ఇయ్యలేనంటే ఆ పైసలు ఇంట్లోనే పెట్టు. టెన్త్ ఫీజు నేను కడతాను."

ఆపా ఇంకా ఏమీ చెప్పలేదు. మీరూ దువా చెయ్యండి. మీ ఇంట్లో ఎవరైనా బయలుదేరుతుంటే, నగలు కుదువ పెట్టకముందే, పద్దెనిమిదా ఇరవయ్యా అని అడగండి.