కంటికిచ్చిన సమస్య

సమస్యనిచ్చి పూరణ కోరుట తెలుగువారికి కొత్త కాదు. పృచ్ఛకుడు పైకి అసంగతంగానో, అనుచితంగానో తోచే ఒక పాదాన్ని సభలో వినిపిస్తాడు. అవధాని తక్కిన పాదాలను కట్టి ఆ అసంగతిని సంగతం చేస్తాడు. తిరుపతి వేంకటకవులు ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యకు ప్రచారం తెచ్చిన మీదట, పద్యం చెప్పలేనివారు సైతం పూరణలోని చమత్కారాన్ని గుర్తించి ఆనందించుట నేర్చుకొన్నారు. ఆ సంప్రదాయానికి దగ్గరి చుట్టమనదగిన వ్యాసంగమొకటి నేడు మన విద్యార్థుల చేతి ఫోనులలో సాగుతున్నది. అక్కడ ఇచ్చేది పద్యపాదం కాదు, ఒక్క మాట. ‘నీడ’ అంటారు, ‘నిరీక్షణ’ అంటారు, ‘ఎరుపు’ అంటారు, ‘వాకిలి’ అంటారు. ఆ మాటను ఛాయాచిత్రంతో పూరించాలి. వారానికొక మాట చొప్పున, కొన్నిచోట్ల దినానికొక మాట చొప్పున ఇస్తారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని దేశదేశాల వారు అదే మాటకు తమ తమ చిత్రాలు పంపి, మెచ్చుకొని, తప్పులెన్నుకొంటారు. దీనికి ‘ఫోటో ఛాలెంజ్’ అని పేరు.

ఇది కాలహరణమా, విద్యాభ్యాసమా అని ఉపాధ్యాయులలోను, తల్లిదండ్రులలోను అభిప్రాయభేదం ఉన్నది. రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే గాని ఈ వివాదం తేలదు. ఈ పోటీలలో పిల్లవాడు నిజంగా నేర్చుకొనేది ఏమిటి? అతడు చూపిన చిత్రాన్ని మనం నమ్మవచ్చునా? మొదటి ప్రశ్న ఏనాటిదో. రెండవది మాత్రం గడచిన కొద్ది సంవత్సరాలలోనే తీవ్రరూపం దాల్చినది.

ఛాయాచిత్రకారులు సంఘంగా కూడి ఒకరి పని నొకరు పరీక్షించుకొనుట ఈనాటి ఫోనులతో పుట్టిన అలవాటు కాదు. 1839లో ఫ్రాన్సులో డాగెర్ ప్రక్రియను లోకానికి వెల్లడించిన పదునాలుగేండ్లకే, 1853లో లండనులో ఛాయాచిత్ర సంఘం వెలసినది. మన దేశం ఎంతో వెనుకబడలేదు. 1854లో బొంబాయిలోను, 1856లో మద్రాసు, కలకత్తా నగరాలలోను ఇట్టి సంఘాలు ఏర్పడినవి. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాముకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆ తొలి తరాల వాడే. అయితే ఆ రోజులలో అది శ్రీమంతుల విద్య, లేదా వృత్తినిపుణుల విద్య. తరువాతి కాలంలో ఫిల్ము చుట్ట వచ్చినా, చుట్టకు ముప్పదియారు చిత్రాలే కనుక మీట నొక్కే ప్రతిసారీ ఖర్చు జ్ఞాపకం వచ్చేది. 2004లో ఫ్లికర్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చిన తరువాత, అందరి ఫోనులలోను కెమెరా చేరిన తరువాత, ఆ ఖర్చు తొలగినది. సంఘం అందరిదీ అయినది. ఏడాది పొడుగునా రోజుకొక చిత్రం తీసే వ్రతం పట్టినవారు అన్ని దేశాలలోను ఉన్నారు.

ఖర్చు తొలగినప్పుడు కళకు మేలుతో పాటు ఒక కీడు కూడా కలుగుతుంది. ఎన్నయినా తీయవచ్చును కనుక ఏదీ చూడనక్కరలేదనే భ్రమ పుడుతుంది. ఇక్కడనే సమస్య యొక్క ఉపయోగం తెలుస్తుంది. నియమం ప్రతిభకు సంకెల కాదనీ, ఆధారమనీ ఛందస్సు నెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. అవధానంలోని అంశాలతో పోల్చి చూడండి. ‘నీడ’ అనే ఒక్క మాట ఇచ్చుట సమస్య వంటిది. ‘నీరు, వలయం, ఎరుపు — ఈ మూడూ ఒకే చిత్రంలో ఉండాలి’ అనుట దత్తపది. ‘మనుష్యులు కనిపించరాదు, దిద్దుబాట్లు చేయరాదు, నిలిచిన చోటునుండి కదలరాదు’ అనుట నిషిద్ధాక్షరి. అడ్డు తగిలినకొద్దీ బుద్ధి కొత్త దారి వెదకుతుంది.

‘నీడ’ను పూరించవలసిన పిల్లవాని సంగతి తీసికొనండి. నిన్నటివరకు బడి ఆవరణలోని వేపచెట్టు అతనికి చెట్టు మాత్రమే. నేడు దాని నీడ ఉదయం గోడ మీదికి ప్రాకుట, మధ్యాహ్నానికి మొదటికి ముడుచుకొనుట, సాయంకాలం మరొక దిక్కుకు సాగుట అతడు గమనిస్తాడు. ఏ వేళ నీడ నిండుగా ఉండునో, ఏ వేళ అంచులు మెత్తబడునో తెలిసికొంటాడు. ఆకుల సందులనుండి నేలమీద పడే వెలుగు గుండ్రని చుక్కలుగా ఎందుకున్నదని అడుగుతాడు. ఆ చుక్కలు సూర్యబింబపు ప్రతిబింబాలేనని సైన్సు ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు, పుస్తకంలోని సూదిబెజ్జపు కెమెరా పాఠం అతనికి సొంతమవుతుంది. వర్ణన వ్రాయుమంటే ‘చాలా అందముగా ఉన్నది’ అని ముగించే విద్యార్థికి, ఏది, ఎక్కడ, ఎట్లు అందముగా ఉన్నదో చెప్పగల చూపు ఇట్లు అలవడవచ్చును. తెలుగు ఉపాధ్యాయునికి ఇంతకంటె కావలసిన సహాయమేమున్నది?

ఈ పోటీలు కొన్ని ఇంతకంటె పెద్ద ప్రయోజనం సాధించినవి. వికీపీడియా కార్యకర్తలు 2010లో నెదర్లాండ్సులో ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’ అనే పోటీ పెట్టి, ఆ దేశపు చారిత్రక కట్టడాల చిత్రాలను తీసి అందరి ఉపయోగానికి విడిచిపెట్టవలసినదని ప్రజలను కోరినారు. 12,000కు పైగా చిత్రాలు వచ్చినవి. 2011లో ఐరోపాలోని పదునెనిమిది దేశాలు కలిసినవి. 1,68,208 చిత్రాలు వచ్చి గిన్నిస్ గ్రంథానికెక్కినవి. 2012లో పోటీ ఖండాంతరాలకు వ్యాపించి మూడున్నర లక్షలకు మించిన చిత్రాలు చేరినవి. భారతదేశం పాల్గొన్న ఆ సంవత్సరమే, ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ సమాధి చిత్రానికి ప్రపంచ ప్రథమ బహుమతి లభించినది. ఈ పోటీకి మూలమైన నియమాలు మూడు. చిత్రం స్వయంగా తీసినదై ఉండాలి. ఏ కట్టడమో గుర్తించి చెప్పాలి. ఇతరులు వాడుకొనేందుకు అనుమతి ఇవ్వాలి.

కట్టడాల చిత్రాలతో ఏమి పని అనేవారికి శ్రీకాళహస్తి సమాధానం చెబుతుంది. కృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన అక్కడి రాజగోపురం 2010 మే 26వ తేదీన కూలిపోయినది. దాని స్థానంలో కొత్త గోపురం వెలసినది. కాని పాత గోపురాన్ని నేడు చూడగోరే బాలునికి చిత్రాలే శరణ్యం. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ దేశపు రియో డి జనైరో నగరంలోని జాతీయ మ్యూజియం అగ్నికి ఆహుతి అయినప్పుడు, లోగడ దానిని దర్శించినవారి వద్దనున్న చిత్రాలను పంపవలసినదని అక్కడి విద్యార్థులు లోకాన్ని వేడుకొన్నారు. ఊరికే సరదాకు తీసిన బొమ్మ ఒకనాటికి సాక్ష్యమవుతుంది. ఎవరు తీసినారన్నదానికంటె, అది నిజంగా అక్కడ తీసినదా అన్నదే అప్పుడు ముఖ్యం.

రెండవ ప్రశ్న ఇక్కడ ఎదురవుతున్నది. 2023 ఏప్రిల్‌లో సోనీ వారి ప్రపంచ ఛాయాచిత్ర బహుమతులలో సృజనాత్మక విభాగంలో గెలిచిన బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడు బహుమతిని నిరాకరించినాడు. తన చిత్రం కెమెరాతో తీసినది కాదనీ, కృత్రిమ మేధతో పుట్టించినదనీ, పోటీలు ఇందుకు సిద్ధంగా ఉన్నవో లేవో తెలిసికొనుటకే పంపినాననీ ప్రకటించినాడు. 2024లో దీనికి విపర్యయం జరిగినది. ‘1839 అవార్డ్స్’ అనే పోటీలో కృత్రిమ మేధా విభాగానికి మైల్స్ ఆస్ట్రే అనే ఛాయాచిత్రకారుడు నిజమైన ఫ్లెమింగో పక్షి చిత్రాన్ని పంపినాడు. తల ఒంటిలోకి వంచుకొనుటచే ఆ పక్షి తలలేనిదిగా కనిపించినది. చిత్రం బహుమతి పొందినది. అది అసలైనదని తెలిసిన పిదప పోటీనుండి తొలగింపబడినది. కల్పన నిజమై గెలిచినది. నిజం కల్పనయై గెలిచినది. న్యాయనిర్ణేతల కంటికి రెంటికీ భేదం తోచలేదు.

అయినను నేరమంతయు యంత్రానిదే అనుట సరికాదు. వన్యప్రాణి చిత్రాలకు పేరొందిన లండను పోటీలో 2009లో అగ్రబహుమతి నందిన తోడేలు చిత్రం, అది పెంపుడు తోడేలు కావచ్చునని నిర్ణేతలు భావించుటచే 2010లో అనర్హమైనది. అదే పోటీలో 2017లో గెలిచిన మరొక చిత్రంలోని చీమలుతినే జంతువు బొమ్మ అని, చర్మంలో దూది కూరి నిలిపినదని, 2018లో నిర్ణయించి బహుమతిని వెనుకకు తీసికొన్నారు. వంచనకు కృత్రిమ మేధ అక్కరలేదు. కీర్తికాంక్ష ఒక్కటి చాలును.

అట్లయితే కల్పన దోషమా? కాదు. అలంకారశాస్త్రం చదివినవారికి ఇందులో చిక్కు లేదు. ఉత్ప్రేక్షలో కవి ఒక వస్తువును మరొక వస్తువుగా ఊహిస్తాడు. కాని ‘వలె’, ‘అన్నట్లు’, ‘కాబోలు’ అనే మాటలతో అది ఊహ అని శ్రోతకు తెలియజేస్తాడు. వాచకం లేని గమ్యోత్ప్రేక్షలో కూడ సందర్భం ఆ పని చేస్తుంది. శ్రోతయు ఆ ఒప్పందానికి లోబడియే ఆనందిస్తాడు. యంత్రం చేత గీయించిన బొమ్మను అట్లని చెప్పి చూపితే అది ఉత్ప్రేక్ష. దానికొక విభాగం పెట్టి బహుమతి ఇచ్చినను ఆక్షేపణ లేదు. ‘నేను చూచినాను’ అని చెప్పి చూపితే అది అబద్ధం. దోషం ఊహలో లేదు. ‘అన్నట్లు’ను చెరిపివేయుటలో ఉన్నది. ఛాయాచిత్రం మాట లేకుండగనే ‘ఇది ఉండెను, నేను అక్కడ ఉంటిని’ అని పలుకుతుంది. కనుకనే అందులో అనృతం కవిత్వంలోని అతిశయోక్తి వలె క్షమింపదగినది కాదు.

మరి అవధానికి ఈ ప్రలోభం ఎందుకు లేదు? అతడు సభలో కూర్చుండును. పృచ్ఛకుడు ఎదుట ఉండును. పద్యం అందరి యెదుటనే పుట్టును. ఫోనులోని సమాజానికి ఆ సభ లేదు. కాలు కదపనివాడు హిమాలయాలను పంపవచ్చును. మెచ్చుకోలు కూడ అంకెగా మారినది. ఒక చిత్రానికి నూరు, మరొక దానికి వేయి అని లెక్క తేలుతుంది గాని, ఎందుకు మెచ్చినారో ఎవరూ చెప్పరు. అంకెను ఆశించిన పిల్లవాడు తన కంటిని మాని, క్రిందటి వారం గెలిచిన చిత్రాన్ని అనుకరిస్తాడు. అన్ని సూర్యాస్తమయాలు ఒకటే అవుతవి. మంచి సమాజాలు ఇందుకు మందు కనుగొనకపోలేదు. గెలుపు బహుమతి లేకుండ, ప్రతి చిత్రానికి కనీసం ఇద్దరు కారణసహితంగా అభిప్రాయం వ్రాయవలెనని నియమించుట అట్టిది.

ఇంకొక విషయాన్ని ఉపాధ్యాయులు ఉపేక్షింపరాదు. ‘ఆకలి’, ‘వార్ధక్యం’ అని మాట ఇచ్చినప్పుడు కెమెరా ఎవరివైపు తిరుగుతుంది? దారిప్రక్కన పండుకొన్న ముసలివాని వైపు, చిరిగిన గుడ్డల బాలిక వైపు. వారి దైన్యం మన పూరణకు సామగ్రి అవుతున్నది. వారి అనుమతి అడిగినారా? ఆ చిత్రం వేలమంది చూస్తారని వారికి తెలియునా? అతని స్థానంలో మన తాతగారే ఉంటే ఆ చిత్రాన్ని పంపుదుమా? ఈ ప్రశ్న వేసికొనుట నేర్పనిచో, చూచుట నేర్పినను ఫలం లేదు.

ఇంత విచారించిన పిమ్మట నాకు తోచినది ఇది. ఈ పోటీలను నిషేధించనక్కరలేదు. వానిని బడిలోనికి తెచ్చి, పోయిన సభను తిరిగి కూర్చవలెను. నెలకొక మాట ఇవ్వండి. హద్దు ఊరి పొలిమేర. తరగతికొక ఫోను ఉన్నా చాలును. పిల్లలు వంతులవారీగా తీస్తారు. చిత్రంతో పాటు ఎక్కడ, ఏ వేళ, ఎందుకు తీసినాడో అయిదు వాక్యాల తెలుగులో వ్రాయమనండి. దిద్దుబాటు చేసినచో ఏమి చేసినదీ చెప్పమనండి. మనుష్యులున్నచో వారి అనుమతి తీసికొనమనండి. ఆ మీదట చిత్రాన్ని గోడకంటించి, తీసినవానిని ప్రక్కన నిలిపి, తోటివారిచేత ప్రశ్నలు వేయించండి. అక్కడ నిజంగా నిలిచినవాడు తడబడడు. ఎండ ఎటునుండి వచ్చినదో, ప్రక్కన ఏమున్నదో, చిత్రంలో పట్టక మిగిలిపోయినదేమిటో అతనికి తెలియును.

ప్రతి ఊరిలోను శిథిలమవుతున్న మండపమో, పూడుతున్న దిగుడుబావియో, కూలిన కోటగోడయో ఉండకపోదు. చాలవాటికి ఒక్క మంచి చిత్రం లేదు. ఊరిపేరుతో, తేదీతో, నిజాయితీగా తీసిన ఒక చిత్రాన్ని మన పిల్లలు మిగల్చగలిగితే, దానికి బహుమతి వచ్చినను రాకున్నను, రేపటివారు ఈ తరపు మాటను నమ్మగలరు.